కాబోయే కోడలి అమ్మమ్మగారి ఊరు హిరోషిమా

కృష్ణా జిల్లాలోని ఒక పట్టణం నుంచి, పేరు వేయవద్దని కోరుతూ, భౌతికశాస్త్ర అధ్యాపకులుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఆరు పేజీల ఉత్తరం రాశారు. జూనియర్ కళాశాలలో ముప్పై రెండేళ్లు పాఠం చెప్పిన ఆయన ఇప్పటికీ సాయంత్రాలు ఇంటి వరండాలో ట్యూషన్ చెబుతున్నారు. ఒక్కగానొక్క కుమారుడు ఏడేళ్లుగా ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. తనతో పనిచేసే జపాన్ అమ్మాయిని పెళ్లి చేసుకుంటానని అతను చెప్పినప్పుడు భార్యాభర్తలిద్దరూ మొదట కలతపడ్డారు. ఆ అమ్మాయి వచ్చి పది రోజులు ఇంట్లో ఉండి వెళ్లాక మనసు కుదిరి, ముహూర్తాల మాట కూడా అనుకున్నారు.

వెళ్లే ముందు రోజు ఆ అమ్మాయి తన కుటుంబం గురించి చెబుతూ, అమ్మమ్మది హిరోషిమా అని చెప్పింది. 1945 ఆగస్టు 6న ఆమెకు ఎనిమిదేళ్లు. పేలుడు జరిగిన చోటికి రెండున్నర కిలోమీటర్ల దూరంలో, ఇంట్లో ఉండి బతికారు. పదమూడేళ్ల అక్క ఆ ఉదయం బడిపిల్లలతో కలిసి, బాంబుదాడి మంటలు పాకకుండా ఇళ్లు పడగొట్టే పనికి నగరం నడిబొడ్డుకు వెళ్లి తిరిగి రాలేదు. రెండు రోజుల తర్వాత తల్లి ఈమెను వెంటబెట్టుకుని వెతకడానికి వెళ్లింది కానీ జాడ దొరకలేదు. ఎనభై ఏళ్లుగా ఆవిడ ఆ విషయం ఎవరితోనూ మాట్లాడరట. ఏటా ఆగస్టు 6 ఉదయం మాత్రం ఇంట్లోని పూజాపీఠం ముందు ఒక గాజు గ్లాసుతో నీళ్లు పెట్టి కూర్చుంటారట.

ఆ మాట విన్నప్పటి నుంచి ఇంట్లో శాంతి లేదని మాస్టారు రాశారు. ఆయన అక్కగారు అది “రేడియేషన్ తగిలిన వంశం” అని, పుట్టబోయే పిల్లల మాటేమిటని, అమ్మాయికి జన్యు పరీక్ష చేయించి కాగితం తెప్పించమని పట్టుబడుతున్నారు. 1942లో జపాన్ విమానాలు కాకినాడ మీద బాంబులు వేసినప్పుడు తమ తల్లి తొమ్మిదేళ్ల పిల్లగా ఎడ్లబండిలో ఊరు విడిచి వెళ్లిన సంగతిని కూడా ఆవిడ ఇప్పుడు ఎత్తుతున్నారు. భార్యకు నిద్ర పట్టడం లేదు. అన్నిటికంటే ఎక్కువగా మాస్టారిని తన పాఠమే తొలుస్తోంది. “అణుబాంబు తయారీని మానవ మేధ సాధించిన ఘనవిజయంగా ముప్పై రెండేళ్లు చెప్పాను. చివర్లో, బాంబు తయారీకి నాయకత్వం వహించిన శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ తలుచుకున్న గీతా శ్లోకం చదివితే క్లాసంతా చప్పట్లు కొట్టేది. ఉగాది తర్వాత జపాన్ వెళ్తున్నాం. ఆ పెద్దావిడ ఎదుట ఏ ముఖం పెట్టుకుని కూర్చోను? క్షమాపణ అడగనా?” అన్నది ఆయన ప్రశ్న.

మాస్టారూ,

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మూడు వేర్వేరు చిక్కులు అందులో ఒకే ముడిగా పడి ఉన్నాయి. పిల్లల ఆరోగ్యం గురించిన భయం ఒకటి, బంధువులతో ఎలా నెగ్గుకురావాలన్నది ఒకటి, మీ పాఠం గురించి మీలో రేగిన బాధ ఒకటి. మొదటిదానికి శాస్త్రం చాలావరకు సమాధానం చెప్పింది. మిగిలిన రెండింటికీ దారులు మాత్రమే ఉన్నాయి, ఏ దారిన వెళ్లాలన్నది మీరే తేల్చుకోవాలి.

ముందుగా భయం సంగతి. మీ అక్కగారి భయం అజ్ఞానం వల్ల పుట్టిందని తోసిపారేయకండి. ఎక్స్ కిరణాలు పండుఈగల్లో తరతరాలకు సంక్రమించే మార్పులు తెస్తాయని హెర్మన్ ముల్లర్ 1927లోనే చూపించారు, 1946లో అందుకు నోబెల్ బహుమతి కూడా పొందారు. అందువల్ల హిరోషిమా, నాగసాకిల తర్వాత శాస్త్రవేత్తలు కూడా సరిగ్గా మీ అక్కగారి ప్రశ్ననే వేసుకున్నారు. అప్పట్లో జపాన్‌లో తిండికి కటకట. గర్భిణికి అయిదో నెల నిండితే అదనపు రేషన్ ఇచ్చేవారు, దానికోసం ఆమె పేరు నమోదు చేయించుకోవాలి. ఆ నమోదు దగ్గరే వివరాలు తీసుకుని, పుట్టిన ప్రతి బిడ్డనూ వైద్యులు ఇంటికి వెళ్లి చూసే ఏర్పాటు చేశారు. 1948 నుంచి 1954 వరకు రెండు నగరాల్లోనూ కలిపి డెబ్భై వేలకు పైగా శిశువులను అలా పరీక్షించారు. జేమ్స్ నీల్, విలియం షల్ అనే ఇద్దరు జన్యుశాస్త్రవేత్తలు దీన్ని నడిపించారు. అవకరాలు, మృతశిశు జననాలు, తొలి రోజుల మరణాలు చూస్తే, రేడియేషన్‌కు గురైన తల్లిదండ్రుల పిల్లలకూ తక్కిన పిల్లలకూ మధ్య స్పష్టమైన తేడా ఏదీ వారికి కనిపించలేదు. ఆ తరం పిల్లలను ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. క్యాన్సర్లలోగానీ మరణాలలోగానీ తల్లిదండ్రులకు తగిలిన రేడియేషన్‌కు ముడిపెట్టదగిన పెరుగుదల బయటపడలేదు. పరిశోధన ఇంకా సాగుతూనే ఉంది. అయితే మనుషుల విషయంలో ఇంతకాలం, ఇంతమందిని చూసి చేసిన అధ్యయనాలు చాలా అరుదు.

గందరగోళం ఎక్కడ వస్తోందంటే, మూడు వేర్వేరు సంగతులు జనం నోట ఒకటైపోయాయి. బాంబు బారిన పడి బతికినవారి సొంత శరీరానికి జరిగిన హాని నిజం. కొన్నేళ్లలోనే లుకేమియా అనే రక్త క్యాన్సర్ పెరిగింది, తర్వాత ఇతర క్యాన్సర్లు కూడా, తగిలిన మోతాదును బట్టి, పెరిగాయి. ఆ రోజున తల్లి కడుపులో ఉన్న బిడ్డలకు జరిగిన హాని కూడా నిజం. ముఖ్యంగా ఎనిమిది నుంచి పదిహేను వారాల గర్భంలో ఉన్నవారిలో కొందరు చిన్న తలతో, బుద్ధిమాంద్యంతో పుట్టారు. కానీ ఏళ్లు గడిచాక కలిగిన సంతానానికి ఆ హాని సంక్రమించడమన్నది పూర్తిగా మూడో సంగతి. దానికే ఆధారం దొరకలేదు. మీ కాబోయే కోడలి తల్లి ఆ పెద్దావిడకు యుద్ధం ముగిసిన ఇరవై ఏళ్ల తర్వాత పుట్టారని మీరే రాశారు. అక్కడికి ఇంకొక తరం తర్వాత ఈ అమ్మాయి.

దూరం లెక్క మీకు నేను చెప్పనక్కరలేదు గానీ, మీ శ్రీమతిగారికి చెప్పడానికి పనికొస్తుంది. బాంబు నేలకు దాదాపు 600 మీటర్ల ఎత్తున పేలింది. ఆ క్షణంలో వెలువడిన గామా కిరణాలు, న్యూట్రాన్లు కిలోమీటరు లోపల ప్రాణాంతకం, దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా తగ్గిపోయాయి. రెండున్నర కిలోమీటర్ల దగ్గర తగిలిన మోతాదు ఇప్పుడు మన ఆసుపత్రుల్లో పొట్టకు తీసే ఒక సీటీ స్కాన్‌తో పోల్చదగినంత. రెండు రోజుల తర్వాత లోపలికి వెళ్లారు కాబట్టి అదనంగా కొంత తగిలి ఉండవచ్చు. అయితే నేలలో, శిథిలాలలో పుట్టిన రేడియేషన్‌లో అధిక భాగం మొదటి రోజే తగ్గిపోయింది.

ఇక్కడ మీ ఉత్తరంలోని మరొక వాక్యం గురించి చెప్పాలి. మీ ఇంట మూడు తరాలుగా మేనరికాలే అని, అక్కగారి అమ్మాయిని కూడా మేనరికమే ఇచ్చారని రాశారు. ఆ నీల్, షల్ గార్లే, జపాన్‌లోనూ ఆనాడు దగ్గర బంధువుల మధ్య పెళ్లిళ్లు మామూలు కావడం చూసి, అలాంటి దంపతుల పిల్లలను కూడా అధ్యయనం చేశారు. అక్కడ మాత్రం చిన్నదే అయినా కొలవదగిన హాని కనిపించింది. అంటే మనం మూడు తరాలుగా నిశ్చింతగా స్వీకరించిన ప్రమాదం, ఈ సంబంధంలో మనల్ని భయపెడుతున్న ప్రమాదం కంటే స్పష్టంగా రుజువైనది. ఈ మాటను అక్కగారి మీద విసరకండి. ఆవిడ కూతురి పిల్లల మీద విసిరినట్టు అవుతుంది. మీరూ మీ శ్రీమతిగారూ మాత్రం ఒకసారి కూర్చుని దీన్ని ఆలోచించుకోండి.

ఇప్పుడు పరీక్ష మాట. “ఈ అమ్మాయి వంశంలో రేడియేషన్ లేదు” అని తేల్చి చెప్పే పరీక్ష ఏదీ లేదు కాబట్టి ఎన్ని కాగితాలు తెప్పించినా ఆ అనుమానం తీరదు. అడిగినందువల్ల జరిగే నష్టం మాత్రం పెద్దది. జపాన్‌లో బాంబు నుంచి బతికినవారిని హిబాకుషా అంటారు. వారి పెళ్లిళ్లు, ఆ తర్వాత వారి పిల్లల పెళ్లిళ్లు కూడా, సరిగ్గా ఈ అనుమానంతోనే తప్పిపోయాయి. సంబంధం కుదిరే ముందు అవతలి కుటుంబం హిరోషిమాదా, నాగసాకిదా అని రహస్యంగా ఆరా తీయించేవారు. అందుకే ఎంతోమంది తాము ఆ రోజు అక్కడ ఉన్న సంగతే దాచిపెట్టారు. ఉచిత వైద్యానికి ప్రభుత్వం 1957 నుంచి గుర్తింపు పుస్తకం ఇస్తున్నా, పిల్లల పెళ్లిళ్లు అయ్యేదాకా దానికి దరఖాస్తు చేసుకోని తల్లులున్నారు. ఆ పెద్దావిడ మౌనానికి అక్క కోసం పడిన దుఃఖంతో పాటు ఇది కూడా కారణమై ఉండవచ్చు. ఈ నేపథ్యంలో, అడగకముందే తనంతట తాను ఆ సంగతి మీ వరండాలో కూర్చుని చెప్పిన అమ్మాయిని చూడండి. ఆమె మీపై పెట్టిన నమ్మకం ఎంతటిదో నాకంటే మీకే బాగా తెలుస్తుంది.

మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. అక్కగారి మాట మన్నించి పరీక్ష అడిగితే ఇవాళ్టికి ఇంట్లో గొడవ చల్లారవచ్చు. అమ్మాయి ఒప్పుకుని చేయించుకోవచ్చు కూడా. కానీ ఆమె తన తల్లికి ఏమని చెబుతుంది, ఆ తల్లి తన తల్లికి ఏమని చెబుతుంది అన్నది ఆలోచించండి. మీ అబ్బాయికి మీ మీద ఉన్న గౌరవం కూడా అక్కడ కొంత తరుగుతుంది. రెండోది, పిల్లలు పుట్టేదాకా బంధువుల దగ్గర ఈ సంగతి ఎత్తకుండా, ఎత్తినవారి నోరు మూయించి పెళ్లి చేసేయడం. ఇది సులువైన దారి. అయితే గర్భం నిలవకపోవడం, బిడ్డకు ఏదో ఒక లోపం ఉండటం ఏ ఇంట్లోనైనా జరుగుతాయి. ప్రపంచంలో ఎక్కడైనా నూటికి రెండు మూడు ప్రసవాల్లో ఏదో ఒక పుట్టు లోపం కనిపిస్తుంది. మీ ఇంట అలాంటిదేమైనా జరిగితే, అణచిపెట్టిన మాట ఆ రోజు ఆ అమ్మాయి మంచం పక్కనే లేస్తుంది. మూడోది, అక్కగారిని ఇంటికి పిలిచి, పైన చెప్పిన సంగతులను మీ బోర్డు మీద రాసి పాఠంలా చెప్పడం. ఆవిడ ఒప్పుకోకపోవచ్చు. పెళ్లికి రాకపోవచ్చు కూడా. అయినా ఈ ఇంట్లో ఆ మాట మళ్లీ వినపడకూడదన్న సంగతి అందరికీ అర్థమవుతుంది. పిల్లల గురించి దంపతులిద్దరూ తమంత తాముగా జన్యు సలహాదారును కలవాలనుకుంటే అది వారి ఇష్టం. అప్పుడు మీ అబ్బాయి వైపు మేనరికాల చరిత్రను కూడా ఆ డాక్టరుకు చెప్పాల్సి ఉంటుంది. నా మొగ్గు మూడో దారి వైపే ఉందని దాచను. కానీ అక్కగారితో బంధం మీకు ఎంత అవసరమో, ఆవిడ ఆరోగ్యం, వయసు ఏమిటో మీకే తెలుసు.

ఇక మీ పాఠం. దీని గురించి కొంచెం ఎక్కువ రాయక తప్పదు, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను బాగా కదిలించినది ఇదే.

మీరు చెప్పినదంతా నిజమే. 1938 చివర్లో కేంద్రక విచ్ఛిత్తి, అంటే అణు కేంద్రకం చీలడం, బయటపడటం, 1942 డిసెంబరు 2న చికాగోలో ఒక స్క్వాష్ కోర్టులో మొదటిసారి గొలుసు చర్యను నడిపి ఆపడం, సహజ యురేనియంలో నూటికి 0.7 వంతు మాత్రమే ఉండే 235 ఐసోటోపును, అంటే బాంబుకు పనికొచ్చే రకాన్ని, అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో వేరు చేయడం, హాన్‌ఫర్డ్ రియాక్టర్లలో ప్లుటోనియం తయారుచేయడం, లాస్ అలమోస్‌లో బాంబుకు రూపమివ్వడం, 1945 జులై 16 తెల్లవారుజామున న్యూమెక్సికో ఎడారిలో పరీక్ష జరపడం, ఇవన్నీ మేధస్సుకు అసాధారణ నిదర్శనాలే. లక్ష మందికి పైగా పనిచేసిన ఆ పథకంలో చాలామందికి తాము ఏం తయారుచేస్తున్నారో తెలియదు. మీరు పాఠాన్ని ఆ ఎడారి దగ్గర, శ్లోకం మీద ఆపేశారు. “కాలోఽస్మి లోకక్షయకృత్ప్రవృద్ధో”, లోకాలను నాశనం చేసే కాలాన్ని నేను, అన్నది బాంబు చేసినవాడికి గుర్తొచ్చిన మాట. అక్కడ ఆపితే వినేవారి చూపు చేసినవాడి మీదే నిలుస్తుంది.

ఆ తర్వాత మూడు వారాలు ఉన్నాయి. ఆ మూడు వారాల్లో మీ కాబోయే వియ్యపురాలి పెద్దమ్మ, అంటే తిరిగి రాని ఆ పదమూడేళ్ల అక్క, కూడా ఉంది. లక్ష్యాలను ఎంపిక చేసిన అమెరికా సంఘం కొన్ని నగరాలను మామూలు బాంబుదాడుల నుంచి తప్పించి పక్కన పెట్టించింది. కొత్త ఆయుధం ప్రభావం చెక్కుచెదరని నగరం మీదైతేనే స్పష్టంగా తెలుస్తుందన్నది అందుకు ఒక కారణం. జాబితాలో ఉన్న క్యోటోను యుద్ధమంత్రి స్టిమ్సన్ పట్టుబట్టి తీసేయించారు. హిరోషిమా మిగిలింది. చుట్టుపక్కల నగరాలన్నీ నిప్పుబాంబులతో తగలబడుతుంటే మనకు ఇంకా ఎందుకు పడలేదని అక్కడివారు ఎదురుచూస్తూ, మంటలు పాకకుండా ఇళ్ల వరుసలు పడగొట్టి ఖాళీ బాటలు చేస్తున్నారు. పెద్దవాళ్లు యుద్ధంలో, కర్మాగారాల్లో ఉన్నారు కాబట్టి ఆ పనికి పన్నెండు, పదమూడేళ్ల పిల్లలను పంపారు. ఆ ఉదయం ఎనిమిదింబావుకు ఆ పాప, ఎన్నడూ రాని నిప్పుబాంబుల కోసం, నగరం నడిబొడ్డున ఆరుబయట పెంకులు మోస్తూ ఉండి ఉంటుంది. దాదాపు 64 కిలోల యురేనియంలో కిలో కూడా విచ్ఛిత్తి చెందలేదు. శక్తిగా మారిన ద్రవ్యరాశి గ్రాము కంటే తక్కువ. ఈ లెక్క మీరు బోర్డు మీద వేలసార్లు వేసి ఉంటారు. ఆ ఏడాది ముగిసేసరికి హిరోషిమాలో దాదాపు 1,40,000 మంది, నాగసాకిలో దాదాపు 70,000 మంది చనిపోయారు. ఇళ్లు పడగొడుతూ చనిపోయిన బడిపిల్లలే వేలల్లో ఉన్నారు.

మీ విద్యార్థులకు చెప్పదగిన మనుషులు ఇంకా ఉన్నారు. జర్మనీ దగ్గర బాంబు లేదని తేలాక 1944 చివర్లో లాస్ అలమోస్ విడిచి వెళ్లిపోయిన భౌతికశాస్త్రవేత్త జోసెఫ్ రోట్‌బ్లాట్ ఉన్నారు. హెచ్చరిక లేకుండా నగరం మీద వేయవద్దని 1945 జూన్‌లో నివేదిక రాసిన శాస్త్రవేత్త జేమ్స్ ఫ్రాంక్ బృందం ఉంది. జర్మనీ బాంబు చేయవచ్చని హెచ్చరిస్తూ 1939లో ఐన్‌స్టీన్ సంతకంతో అమెరికా అధ్యక్షుడికి ఉత్తరం పంపించిన శాస్త్రవేత్త లియో సిలార్డే, 1945 జులైలో దాని వాడకానికి వ్యతిరేకంగా డెబ్భై మంది సంతకాలతో వినతిపత్రం పంపారు. ఎడారి పరీక్ష జరిగిన రోజు గాలివాలులో ఉన్న న్యూమెక్సికో గ్రామాలవారికి ఎవరూ ముందుగా ఒక్క మాట చెప్పలేదు. మీ పాఠంలోని గొప్పదనం ఈ మాటల వల్ల తగ్గదు. కానీ వింటున్న పిల్లల్లో ఎవరో ఒకరు రేపు ఏదో ఒక ప్రయోగశాలలో రోట్‌బ్లాట్ ఎదుర్కొన్న ప్రశ్ననే ఎదుర్కోవచ్చు. ఆ ప్రశ్న తనకంటే ముందు ఒకరు వేసుకున్నారని ఆ పిల్లవాడికి తెలిసి ఉండాలి. వరండాలో ట్యూషన్ ఇంకా నడుస్తోంది కదా.

క్షమాపణ అడగాలా అన్నారు. బాంబు మీరు వేయలేదు. మీరు చెప్పింది సగం కథే అయినా, అది ఆవిడకు మీరు చేసిన అపరాధం కాదు. మీరు అడిగితే ఆవిడ ఏదో ఒకటి బదులు చెప్పి మిమ్మల్ని ఊరడించాల్సి వస్తుంది. ఎనభై ఎనిమిదేళ్ల మనిషికి మన మనసు తేలిక చేసే పని పెట్టినట్టవుతుంది. అడగకుండా ఉండలేనంత బరువుగా ఉంటే ముందుగా అమ్మాయిని సంప్రదించండి. వాళ్ల ఇంట్లో ఆ మాట ఎత్తవచ్చో లేదో ఆమెకే తెలుసు. ఆ రోజు గురించి చెప్పమని మాత్రం మీరుగా అడగకండి. కొందరు హిబాకుషాలు జీవితమంతా దేశదేశాలు తిరిగి సాక్ష్యం చెప్పారు. వారి సంఘం నిహోన్ హిదాన్‌క్యోకు 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మరికొందరు ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. ఏ దారి ఎంచుకోవాలన్నది వారి హక్కు. బాంబు వల్లే యుద్ధం ముగిసిందా, సోవియట్ యూనియన్ యుద్ధంలోకి దిగడం వల్ల ముగిసిందా అన్న చర్చ చరిత్రకారుల మధ్య ఇంకా నడుస్తోంది. వియ్యాలవారి భోజనాల దగ్గర మీ బావగారు ఆ చర్చ తెస్తే మీరు మాట మార్చేయండి.

కాకినాడ సంగతి మాత్రం, అక్కగారు కోపంతో ఎత్తినా, నాకు వేరేలా తోచింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసిన మాట నిజం. ఆసియాలో ఆ సైన్యం చేసిన దురాగతాలు కూడా నిజం. కానీ ఎడ్లబండిలో ఊరు విడిచిన తొమ్మిదేళ్ల పిల్ల, అమ్మ చెయ్యి పట్టుకుని కాలిన నగరంలో నడిచిన ఎనిమిదేళ్ల పిల్ల దాదాపు ఒక ఈడు వాళ్లు. మీ అమ్మగారు ఇప్పుడు లేరు. ఆవిడ మీకు చెప్పిన కథ ఉంది. ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్న లెక్క తీయకుండా, మా అమ్మ కూడా చిన్నప్పుడు ఇలా భయపడిందని మాత్రమే చెప్పగలిగితే, ఆ పెద్దావిడ దానికి బదులుగా ఏమైనా చెప్పవచ్చు, చెప్పకపోవచ్చు. చెప్పకపోతే ఆవిడతో టీ తాగి రండి.

వెళ్లేలోగా ఆ కథను తెలుగులో ఒక పేజీ రాసి అబ్బాయికి పంపండి, అమ్మాయి సాయంతో జపనీస్‌లోకి మార్చి ఉంచుతాడు. బండిలో ఏమేం వేసుకున్నారు, రాత్రి ఎక్కడ ఆగారు, మీ అమ్మగారు దేనికి ఏడ్చారు అన్నవి అక్కగారికే ఎక్కువ గుర్తుండి ఉంటాయి. ఆ వివరాలు ఆవిడను అడిగి రాయండి.